గాలి తగలకూడని ఎంజైము: నైట్రోజినేజ్ పనితీరు

(విశాఖపట్నంలో జీవశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకులు, కొందరు రైతుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే.

నేరుగా లెక్కతో మొదలుపెడతాను. గాలిలో 78 శాతం నత్రజని అని ఆరో తరగతి పిల్లలు కూడా చెబుతారు. మరి ఒక ఎకరం పొలం మీద, నేల నుంచి ఆకాశం చివరిదాకా నిలబడి ఉన్న గాలిలో ఎంత నత్రజని ఉంటుంది? ఎవరైనా చెప్పగలరా? ముప్పై వేల టన్నులకు పైగా. ఆ ఎకరంలో వరి వేసిన రైతు మాత్రం యూరియా బస్తా కోసం క్యూలో నిలబడతాడు. ఎందుకు? గాలిలోని నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. ఒక మోల్ నత్రజనిలో ఆ బంధాన్ని పూర్తిగా తెంచాలంటే దాదాపు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. మొక్కకు ఆ పని చేతకాదు. జంతువుకు చేతకాదు. శిలీంధ్రానికీ చేతకాదు. చేతనైనది కొన్ని బ్యాక్టీరియాలకు, కొన్ని ఆర్కియాలకు మాత్రమే.

మనిషి ఈ పనిని కర్మాగారంలో చేయడం 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదలైంది. ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చూపించిన పద్ధతిని కార్ల్ బాష్ కర్మాగారం స్థాయికి తెచ్చాడు. 400 నుంచి 500 డిగ్రీల వేడి, గాలి పీడనానికి నూట యాభై, రెండు వందల రెట్ల పీడనం, ఇనుము ఉత్ప్రేరకం. మన విశాఖ రేవుకు ఓడల్లో వచ్చే అమ్మోనియా ఇలా తయారైనదే. మైనస్ 33 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచి తెస్తారు. అదే అమ్మోనియాను మినుము వేరులోని బ్యాక్టీరియా మామూలు వేడిలో, మామూలు పీడనంలో తయారుచేస్తుంది. అక్కడా ఇనుమే, ఇక్కడా ఇనుమే. తేడా అంతా ఆ ఇనుమును అమర్చిన తీరులో ఉంది. ఆ అమరిక పేరే నైట్రోజినేజ్.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. పంట నత్రజనిని స్థాపించుకోలేదంటే, అంటే గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చుకోలేదంటే, మనం వెంటనే "బ్యాక్టీరియా లేదేమో" అంటాం, బ్యాక్టీరియా పొడి ప్యాకెట్ ఒకటి కొని విత్తనానికి కలుపుతాం. అడగాల్సిన ప్రశ్న అది ఒక్కటే కాదు. బ్యాక్టీరియా ఉన్నా, అందులో ఈ ఎంజైము పనిచేసే వీలుందా? ఇది అడగాలి. దీనికి జవాబు ఎంజైము నిర్మాణంలోనే దొరుకుతుంది కాబట్టి ముందు దాన్ని విప్పి చూద్దాం.

ఇది ఒక ప్రోటీను కాదు, రెండు. చిన్నదాన్ని ఇనుము ప్రోటీను అంటాం. ఒకేలాంటి రెండు భాగాలు, మొత్తం సుమారు 60 కిలోడాల్టన్లు. ఆ రెండు భాగాల మధ్య నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువులు ఉన్న ఒక గుత్తి. కణంలో శక్తిని మోసే అణువు ఏటీపీ, అది కూర్చునే చోట్లు రెండు. పెద్దది మాలిబ్డినమ్-ఇనుము ప్రోటీను. నాలుగు భాగాలు, 220 నుంచి 240 కిలోడాల్టన్లు. దాంట్లో రెండు రకాల గుత్తులు. మొదటిది పి-క్లస్టరు, ఎనిమిది ఇనుములు, ఏడు గంధకాలు. రెండోది అసలు పని జరిగే చోటు, దాన్ని ఫెమోకో అంటారు. ఏడు ఇనుములు, తొమ్మిది గంధకాలు, మాలిబ్డినమ్ అనే లోహం ఒకటి, హోమోసిట్రేట్ అనే చిన్న కర్బన అణువు ఒకటి, నట్టనడుమ ఒక కార్బన్ పరమాణువు.

ఆ కార్బన్ సంగతి ఒక నిమిషం చెప్పాలి. ఈ ప్రోటీను స్ఫటిక నిర్మాణం 1992లోనే వచ్చింది. మధ్యలో ఏదో ఒక పరమాణువు ఉందని తరువాతి పదేళ్లలో తెలిసింది. నత్రజనా, ఆక్సిజనా, కార్బనా అని చాలా ఏళ్లు వాదన నడిచింది. 2011లో కార్బన్ అని తేలింది. బ్యాక్టీరియా ఆ ఒక్క కార్బన్‌ను ఎస్-అడినోసిల్ మిథియోనిన్ అనే అణువు నుంచి తీసి అక్కడ పెడుతుంది. దానికోసం నిఫ్‌బి అనే వేరే ప్రోటీను ఉంది. ఫెమోకోను పెద్ద ప్రోటీను లోపల కట్టరు. బయట వేరే ప్రోటీన్ల మీద కట్టి, పూర్తయ్యాక తెచ్చి లోపల అమరుస్తారు. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో ఈ పనులన్నిటికీ కలిపి 20 నిఫ్ జన్యువులు, అంటే నత్రజని స్థాపన జన్యువులు, పక్కపక్కనే ఉంటాయి. ఎంజైము ముక్కలకు కావలసినవి అందులో మూడే. మిగతావాటిలో ఎక్కువ భాగం కట్టడానికి, ఎలక్ట్రాన్లు అందించడానికి, అదుపులో పెట్టడానికి. ఈ సంఖ్య గుర్తుంచుకోండి, వరి సంగతి వచ్చినప్పుడు మళ్లీ కావాలి.

ఇప్పుడు పని ఎలా జరుగుతుంది? ఎలక్ట్రాన్లు మోసే ప్రోటీన్లు ఫెరిడాక్సిన్ గానీ ఫ్లావోడాక్సిన్ గానీ ఒక ఎలక్ట్రాన్‌ను చిన్న ప్రోటీనుకు ఇస్తుంది. రెండు ఏటీపీలు పట్టుకున్న చిన్న ప్రోటీను వెళ్లి పెద్దదానికి అతుక్కుంటుంది. ఎలక్ట్రాన్ పి-క్లస్టరు దాటి ఫెమోకోకు చేరుతుంది. రెండు ఏటీపీలు శక్తి ఖర్చయి ఏడీపీలవుతాయి. చిన్న ప్రోటీను విడిపోతుంది. మళ్లీ ఏటీపీ, మళ్లీ ఎలక్ట్రాన్, మళ్లీ అతుక్కోవడం. ఏతం వేసినట్టు అన్నమాట, ఒక వాలుకు ఒక బాన. ఒక నత్రజని అణువుకు ఇలా ఎనిమిది సార్లు. ఎనిమిది ఎలక్ట్రాన్లు, పదహారు ఏటీపీలు, చేతికి వచ్చేది రెండు అమ్మోనియాలు, ఒక హైడ్రోజన్ అణువు.

ఇక్కడ విద్యార్థులకు ఒక ప్రశ్న. నత్రజని, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అవడం వేడిని విడుదల చేసే చర్య. అంటే శక్తి లెక్కలో కిందికి జారే చర్య. మరి పదహారు ఏటీపీలు దేనికి తగలేయాలి? ఆలోచించండి. చర్య కిందికి జారేదే కానీ మధ్యలో అడ్డుగోడ చాలా ఎత్తు. కర్మాగారంలో ఆ గోడను వేడితో దాటతారు. ఎంజైము ఎలక్ట్రాన్లను ఒకదాని మీద ఒకటి పేర్చి దాటుతుంది. పేర్చిన ఎలక్ట్రాన్ వెనక్కి పోకూడదు. ఏటీపీ చేసే పని అదే, ఎలక్ట్రాన్‌ను ఒకే దిక్కుకు నడపడం. ఫెమోకో మీద నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు చేరేదాకా నత్రజనిలో బంధం తెగే పని మొదలవదు. అవి చేరినప్పుడు రెండు హైడ్రోజన్లు కలిసి వాయువుగా బయటికి పోతాయి, ఆ ఖాళీలో నత్రజని కూర్చుంటుంది. అందుకే హైడ్రోజన్ నష్టం తప్పదు. నత్రజని పీడనం పెంచితే ఈ నష్టం ఆగుతుందేమోనని సింప్సన్, బరిస్ 1984లో 50 అట్మాస్ఫియర్ల దాకా పెంచి చూశారు. ఆగలేదు. ఎనిమిది ఎలక్ట్రాన్లలో రెండు, అంటే పాతిక శాతం, ఎంత మంచి పరిస్థితిలోనైనా హైడ్రోజన్ కిందే పోతాయి. వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాల్లో కొన్ని బ్రాడీరైజోబియం రకాలు ఆ హైడ్రోజన్‌ను మళ్లీ పట్టుకుని కొంత శక్తి రాబట్టుకుంటాయి, దానికి వాటికి వేరే ఎంజైము ఉంది.

వేగం సంగతి? చాలా నెమ్మది. ఒక నత్రజని అణువుకు ఒక సెకను పైనే పడుతుంది. మన రక్తంలోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ సెకనుకు సుమారు పది లక్షల అణువులను మారుస్తుంది. నెమ్మదిగా పనిచేసే ఎంజైముతో బతకాలంటే ఏం చేయాలి? ఎక్కువ మోతాదులో తయారుచేసుకోవాలి. నత్రజని స్థాపిస్తున్న బ్యాక్టీరియాలో మొత్తం ప్రోటీనులో పదో వంతు దాకా ఇదే ఉండవచ్చు. ఖర్చు ఎంత పెద్దదో చూడండి. అందుకే పక్కన అమ్మోనియా దొరికిందంటే చాలా బ్యాక్టీరియాలు ఈ జన్యువులను ఆపేస్తాయి. రోడోస్పైరిల్లం అనే బ్యాక్టీరియా అయితే అంతసేపు కూడా ఆగదు. ఉన్న చిన్న ప్రోటీనుకే ఒక రసాయన ముక్క తగిలించి నిమిషాల్లో పని ఆపేస్తుంది, అమ్మోనియా అయిపోగానే ఆ ముక్క తీసేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆక్సిజన్.

చిన్న ప్రోటీనును శుద్ధి చేసి మామూలు గాలిలో పెడితే అర నిమిషం నుంచి ముప్పావు నిమిషంలో సగం చచ్చిపోతుంది. పెద్దది పది నిమిషాల దాకా తట్టుకుంటుంది. ఇది తిరిగి బాగయ్యే దెబ్బ కాదు, ఇనుము-గంధకం గుత్తి చెదిరిపోతుంది. ఈ చిక్కు వల్లే కణాల బయట ఈ ఎంజైమును నిలకడగా పనిచేయించడానికి 1960 దాకా పట్టింది. ఆ ఏడాది కార్నహన్ బృందం క్లాస్ట్రిడియం పాశ్చూరియానమ్ నుంచి తీసిన రసంతో చేసి చూపించింది. అది గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా కావడం వారికి కలిసొచ్చింది. ఇప్పటికీ ఈ పని గాలి లేని గ్లవ్‌బాక్సులో చేస్తారు. వాడే ప్రతి ద్రావణంలో గాలి తీసేసి, ఆర్గాన్ పంపి, మిగిలిన ఆక్సిజన్ పోవడానికి డైథయోనైట్ అనే లవణం కలుపుతారు. సిరంజి సూదిలో మిగిలిపోయిన కాస్త గాలి చాలు, సాయంత్రానికి కొలిస్తే ఏమీ మిగలదు.

గాలి తగిలితే చస్తుంది కదా, గాలి లేనిచోట పెడితే సరిపోతుందా? సరిపోదు. పదహారు ఏటీపీలు ఎక్కడినుంచి రావాలి? శ్వాసక్రియ నుంచి. శ్వాసక్రియకు ఏం కావాలి? ఆక్సిజన్. ఎంజైముకు ఆక్సిజన్ విషం, ఎంజైముకు తిండి పెట్టే వ్యవస్థకు ఆక్సిజన్ ప్రాణం. ఈ రెండింటినీ ఒక కణంలో కుదర్చాలి. నత్రజని స్థాపనలో మీరు చదివే విచిత్రాలన్నీ ఈ ఒక్క చిక్కుకు దొరికిన జవాబులే.

మినుము, పెసర, వేరుశనగ వేరు బుడిపెను తీసుకోండి. బుడిపె బయటి పొరలు గాలిని లోపలికి మెల్లగా వదులుతాయి. లోపల మొక్క, మన రక్తంలోని హీమోగ్లోబిన్ లాంటి ఎర్రటి ప్రోటీను లెగ్ హీమోగ్లోబిన్‌ను మిల్లీమోలార్ స్థాయిలో నింపుతుంది. అది ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, విడి ఆక్సిజన్‌ను కొన్ని పదుల నానోమోలార్ దగ్గర ఆపుతుంది. అంత తక్కువలోనూ పనిచేసే ప్రత్యేక శ్వాస ఎంజైము, ఆక్సిడేజ్, బ్యాక్టీరియాకు ఉంది. ఎంజైము బతుకుతుంది, ఏటీపీ వస్తుంది. ఇంకో సంగతి. బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా రైజోబియం, దాని చాలా రకాలకు హోమోసిట్రేట్ తయారుచేసుకునే జన్యువు లేదు. ఆ అణువును బుడిపెలో మొక్కే అందిస్తుందని 2009లో లోటస్ జపోనికస్ మొక్కలో తేలింది. అంటే ఫెమోకోలో ఒక ముక్క మొక్కది. సహజీవనం పరమాణువుల స్థాయిదాకా ఉందంటే అతిశయోక్తి కాదు. ఇది చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

నీలి ఆకుపచ్చ శైవలం అనాబినా దారి వేరు. అది కిరణజన్య సంయోగక్రియలో తానే ఆక్సిజన్ పుట్టిస్తుంది. అందుకని సుమారు పది కణాలకు ఒక కణాన్ని హెటిరోసిస్ట్‌గా మారుస్తుంది. ఆ కణంలో ఆక్సిజన్ పుట్టించే ఫోటోసిస్టమ్-2 ఉండదు, చుట్టూ మందపాటి పొరలు, పక్క కణాల నుంచి చక్కెర. వరి మళ్లలో నత్రజని నిలవడానికి ఈ నీలి ఆకుపచ్చ శైవలాలే ముఖ్యకారణమని పి. కె. డే 1939లో చూపించారు. నీటిమీద తేలే చిన్న ఫెర్న్ మొక్క అజొల్లా, దాని ఆకు లోపల ఉండే అనాబినాలో హెటిరోసిస్టులు ఇంకా ఎక్కువ, ఇరవై ముప్పై శాతం దాకా. నేలలో విడిగా బతికే బ్యాక్టీరియా అజొటోబాక్టర్ ఏం చేస్తుంది? లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చినట్టే శ్వాసలో కాల్చేస్తుంది. చక్కెర విపరీతంగా తగలేస్తుంది. సేంద్రియ పదార్థం లేని నేలలో అజొటోబాక్టర్ ప్యాకెట్ పెద్దగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

మన తీరంలో ఉన్నవాళ్లు సరుగుడును వదలకూడదు. భీమిలి వైపు ఇసుకలో పెరిగే సరుగుడు తోటల వేర్లు తవ్వితే గట్టి, కొమ్మలు కొమ్మలుగా ఉన్న బుడిపెల గుత్తులు కనిపిస్తాయి. అందులో ఉండేది రైజోబియం కాదు, ఫ్రాంకియా అనే వేరే బ్యాక్టీరియా. చాలా చెట్లలో ఫ్రాంకియా మందపాటి కొవ్వు పొరలున్న తిత్తులు కట్టుకుని అందులో ఎంజైమును దాస్తుంది. సరుగుడులో ఆ తిత్తులు కట్టదు. చెట్టు కణాల గోడలే గాలిని అడ్డుకుంటాయి, చెట్టు సొంత హీమోగ్లోబిన్ కూడా ఉంటుంది. బుడిపె కొసల నుంచి సన్నని వేర్లు పైకి పెరుగుతాయి, లోపలికి గాలి అందించడానికి. గాలి కావాలి, గాలి వద్దు, అదే కథ.

పొలం దగ్గరికి వద్దాం

రైతులు ఇందాకటినుంచి ఓపిగ్గా విన్నారు. ఇప్పుడు పొలంలో చూడాల్సినవి.

పంట 30, 40 రోజులప్పుడు నాలుగైదు చోట్ల మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వండి, పీకొద్దు. పీకితే బుడిపెలు నేలలోనే ఉండిపోతాయి, "బుడిపెల్లేవు" అనుకుంటాం. నీళ్లలో కడిగి, పెద్ద బుడిపెలను బ్లేడుతో కోయండి. లోపల గులాబీ ఎరుపు ఉంటే లెగ్ హీమోగ్లోబిన్ ఉంది, ఎంజైము పనిచేస్తోంది. తెల్లగా ఉంటే బ్యాక్టీరియా చేరింది గానీ పని లేదు, లేదా ఇంకా మొదలవలేదు. ఆకుపచ్చగా, గోధుమగా ఉంటే పని అయిపోయింది, బుడిపె ముసలిదైంది. వేరంతా చిన్నచిన్న తెల్ల బుడిపెలు చల్లినట్టు ఉన్నాయంటే సంతోషించొద్దు. తల్లివేరు దగ్గర కొన్నే ఉన్నా లావుగా, ఎర్రగా ఉన్నవి మేలు.

తెల్లగా ఉన్నాయి. ఎందుకు? ఎంజైముకు ఏమేం కావాలో చెప్పుకున్నాం కదా, ఆ వరసలోనే వెతకండి.

నీరు నిలిచిందా? వరి మాగాణుల్లో మినుము చల్లినప్పుడు తరచూ జరిగేది ఇదే. మట్టి రంధ్రాలన్నీ నీళ్లతో నిండితే బుడిపెకు గాలి అందదు, ఏటీపీ ఆగుతుంది, ఎంజైము ఉండీ ఆగిపోతుంది. కాలువ తీసి నీరు బయటికి పంపాలి.

భాస్వరం ఉందా? ఏటీపీలో మూడు భాస్వరాలుంటాయి. మినుము, పెసరకు ఎకరాకు 20 కిలోల భాస్వరం వేయమని చెప్పేది ఊరికే కాదు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో అది 125 కిలోలు. అజొల్లా తొట్టిలో ఆకులు ఎర్రబడితే మొదట అనుమానించాల్సింది కూడా భాస్వరాన్నే.

యూరియా ఎక్కువైందా? మొదట్లో బుడిపెలు కట్టేదాకా మొక్కకు ఎకరాకు 8 కిలోల నత్రజని, అంటే సుమారు 17 కిలోల యూరియా, చాలు. దానికి మించితే మొక్క నేలలోని నైట్రేట్‌ను తీసుకుంటుంది, బుడిపెలకు చక్కెర పంపడం తగ్గిస్తుంది. ఉచితంగా దొరుకుతుంటే అంత ఖరీదైన పని మొక్క ఎందుకు చేస్తుంది?

మాలిబ్డినమ్ అందుతోందా? మన ఏజెన్సీలో కొండ నేలలు, కొన్ని ఎర్రనేలలు ఆమ్ల నేలలు. ఆమ్ల నేలలో మాలిబ్డినమ్ ఇనుము ఆక్సైడ్లకు అతుక్కుపోయి వేరుకు అందదు. నేలలో ఉంటుంది, అందదు. సున్నం వేసి పీహెచ్ పెంచితే ఉన్నదే విడుదలవుతుంది. బయటినుంచి వేయాల్సి వస్తే ఎకరాకు గ్రాముల లెక్కే, కిలోల లెక్క కాదు. మాలిబ్డినమ్ లవణాన్ని, రైజోబియం పొడిని ఒకే ద్రావణంలో కలిపి పెట్టొద్దు, ఆ లవణం బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది.

ఈ నాలుగూ చూశాక అప్పుడు ప్యాకెట్. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లార్చాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే కలిపేస్తారు, అక్కడే సగం పోతుంది. ఎకరానికి సరిపోయే 8 కిలోల విత్తనాల మీద చల్లి, 200 గ్రాముల రైజోబియం పొడి కలిపి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. శిలీంధ్రనాశిని, పురుగుమందు పట్టించాల్సి ఉంటే అవి ముందు, రైజోబియం చివర. మినుముకు శనగ ప్యాకెట్ పనిచేయదు, శనగకు చేరే బ్యాక్టీరియా వేరు. ప్యాకెట్ మీద పంట పేరు, గడువు తేదీ చూడండి. ఎండలో బండి మీద పెట్టి తెచ్చిన ప్యాకెట్‌లో గడువు ఉన్నా బ్యాక్టీరియా ఉండకపోవచ్చు.

చింతపల్లి, పాడేరు వైపు రాజ్‌మా వేసేవాళ్లకు ఒక మాట. రాజ్‌మా పప్పుజాతి పంటే, కానీ నత్రజని స్థాపనలో బలహీనం. మినుముకు వేసే కొద్దిపాటి నత్రజనితో దాన్ని వదిలేస్తే దిగుబడి పడిపోతుంది. ప్యాకెట్ కలిపాం కదా అని ఎరువు మానొద్దు.

కొలవడం

విద్యార్థులు ప్రాజెక్టుల్లో ఎసిటిలీన్ పరీక్ష చేస్తారు. నైట్రోజినేజ్‌కు నత్రజని ఒక్కటే కాదు, మూడు బంధాలున్న ఎసిటిలీన్ కూడా పడుతుంది. దాన్ని ఇథిలీన్ చేస్తుంది. 1966, 67లలో ఇది బయటపడింది. బుడిపెలున్న వేరును సీసాలో పెట్టి మూత బిగించి, లోపలి గాలిలో పదో వంతు తీసేసి ఎసిటిలీన్ పంపి, అరగంట, గంట తరువాత సిరంజితో వాయువు తీసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఇథిలీన్ కొలుస్తారు. తేలిక పరీక్ష. తప్పులూ తేలికగానే దొర్లుతాయి.

కార్బైడ్ నుంచి తీసిన ఎసిటిలీన్‌లో మొదటినుంచే కొంత ఇథిలీన్ కలిసి ఉండవచ్చు. కాబట్టి వేరు పెట్టని ఖాళీ సీసా ఒకటి తప్పనిసరి. కోసిన వేరులో పనితనం వెంటనే పడిపోవడం మొదలవుతుంది, ఎసిటిలీన్ తగలడమే కొన్ని పంటల్లో బుడిపెలోకి గాలి వెళ్లే దారిని బిగిస్తుంది. మొదటి కొన్ని నిమిషాల అంకెకు, గంట తరువాతి అంకెకు పొంతన ఉండదు. ఇక ఇథిలీన్‌ను నత్రజనిలోకి మార్చే లెక్క. చాలా పుస్తకాల్లో మూడుతో భాగించమని ఉంటుంది. ఎందుకు మూడు? నత్రజనికి ఆరు ఎలక్ట్రాన్లు, ఎసిటిలీన్‌కు రెండు అని. కానీ హైడ్రోజన్‌కు పోయే రెండూ మరిచారు. ఎసిటిలీన్ నిండుగా ఉన్నప్పుడు హైడ్రోజన్ దాదాపు పుట్టదు, ఎలక్ట్రాన్లన్నీ ఇథిలీన్‌కే పోతాయి. ఎనిమిదిని రెండుతో భాగిస్తే నాలుగు. అదీ సిద్ధాంతపు లెక్కే. పొలంలో ఎన్ని కిలోలని నిక్కచ్చిగా చెప్పాలంటే నత్రజని-15 అనే బరువైన నత్రజనిని గుర్తుగా వాడే పద్ధతికే పోవాలి. రెండు రకాల మధ్య ఎక్కువ తక్కువలు చూడటానికి ఎసిటిలీన్ చాలు.

చివరిగా, వరికి ఈ ఎంజైము పెట్టలేమా అని ప్రతిచోటా అడుగుతారు. 20 జన్యువుల సంగతి గుర్తుందా? మూడు పెడితే చాలదు. ఫెమోకోను కట్టే బృందం మొత్తం రావాలి, ప్రతి ప్రోటీనూ సరైన మోతాదులో రావాలి, ఆక్సిజన్ తగలని చోట ఉండాలి. అలాంటి చోటు మొక్క కణంలో మైటోకాండ్రియా. అది నిరంతరం ఆక్సిజన్ వాడేస్తుంది, ఏటీపీ అక్కడే పుడుతుంది. 2016లో ఈస్టు మైటోకాండ్రియాలో చిన్న ప్రోటీను చురుగ్గా తయారైంది. అంటే దారి ఉంది. పెద్ద ప్రోటీను, దానిలో ఫెమోకో, ఈ రెండూ కుదరడమే కష్టమైన భాగం.

ప్రకృతి ఈ పనిని ఒకచోట చేసి పెట్టింది. బ్రారుడోస్ఫీరా బైజెలోవీ అనే సముద్రపు శైవలం లోపల ఒక సయనోబ్యాక్టీరియా, అంటే అనాబినా జాతి బ్యాక్టీరియా, ఉంటుంది. అది అతిథిగా ఉండే దశ దాటి కణాంగంగా మారిపోయిందని 2024లో ప్రకటించారు. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. శైవల కణం విభజన చెందినప్పుడు అదీ విభజన చెందుతుంది, తనకు కావలసిన ప్రోటీన్లలో కొన్నిటిని శైవలం నుంచి తెచ్చుకుంటుంది. ఫోటోసిస్టమ్-2ను అది ఎప్పుడో వదిలేసింది. అంటే హెటిరోసిస్ట్‌లో చూసిందే, ఆక్సిజన్ పుట్టించే యంత్రాన్ని తీసేయడం. మైటోకాండ్రియాలో పెట్టాలని చూసేవాళ్లు, మొత్తం బ్యాక్టీరియానే కణంలో స్థిరపరచాలని చూసేవాళ్లు, ఇద్దరూ ఇప్పుడు ఆ శైవలాన్ని శ్రద్ధగా చదవాల్సి ఉంది.

ఇక ప్రశ్నలు. సరుగుడు గురించి అడగాలని ముందు వరసలో ఒకరు చెయ్యెత్తారు, మీతోనే మొదలుపెడదాం.